కోయనివ్వని గడ్డి

నారాయణగూడ మార్కెట్లో కొడవలి దొరకదు. అరవై ఏళ్లకు పైగా ఈ చుట్టుపక్కలే బతికిన నాకు ఈ సంగతి మొన్న దసరా వెళ్లాక గాని తెలియలేదు. కత్తిపీటలున్నాయి, కొబ్బరి కోరాలున్నాయి, ఉల్లిపాయను ఒక్క నొక్కుతో ముక్కలు చేసే ప్లాస్టిక్ పెట్టెలున్నాయి. కొడవలి అని అడిగితే స్టీలు సామాన్ల దుకాణాయన నన్నూ, నా చేతిసంచినీ, నా కళ్లద్దాలనూ వరసగా చూశాడు.

"ఎందుకమ్మా? పూజకా?"

"గడ్డి కోయడానికి."

"కుండీలల్లనా? గార్డెన్ కత్తెర ఉంది, తీస్కోండ్రి."

కుండీల్లో కాదు, పద్నాలుగు ఎకరాల్లో అని చెప్పలేదు. చెబితే నమ్మడు, నమ్మితే జాలిపడతాడు. నాకు రెండూ అక్కర్లేదు. చివరికి కవాడిగూడలో ఒక ఇనప సామాన్ల కొట్లో, మేకుల డబ్బాల వెనక, తుప్పు పట్టిన కొడవలి ఒకటి దొరికింది. పాత పేపర్లో చుట్టి ఇచ్చాడు. దాన్ని చంకలో పెట్టుకుని చిక్కడపల్లి దాకా నడిచొస్తుంటే, లైబ్రరీ ముందు నిలబడి చదువుకునే పరీక్షల పిల్లలు పుస్తకాల్లోంచి తలెత్తకుండానే పక్కకు జరిగి దారిచ్చారు. పెద్దావిడ కదా అని జరిగారు.

నిజానికి కొడవలి నేను కొనాల్సిన వస్తువు కాదు. ఒకావిడ తన కొడవలి తానే తెచ్చుకుని, తన సద్ది తానే తిని, ఆ గడ్డి కోసుకుపోతానని కిందటేడు మా ఇంటికొచ్చి అడిగింది. నేను వద్దన్నాను. ఇప్పుడు రాస్తున్నదంతా ఆ వద్దన్న మాట గురించే.

నేను ముప్పై రెండేళ్లు నారాయణగూడలో ఆడపిల్లలకు బోటనీ చెప్పాను. ఉష్ణమండల ఆకురాల్చు అడవుల పాఠం ప్రతి ఏడూ వానాకాలంలో వచ్చేది. బోర్డు మీద బొమ్మ వేసేదాన్ని. కింద గడ్డి, నడుమ పొదలు, పైన చెట్లు. సుద్దముక్కతో గడ్డి వేయడం చాలా తేలిక, నిలువుగా నాలుగు గీతలు గీస్తే చాలు. ఆ బొమ్మ వేసీ వేసీ, నేను అడవిలో కలిపి లెక్కేసినా పది రోజులు ఉండలేదన్న సిగ్గు లోపల పేరుకుపోయింది. పరిశోధన చేయాలని ఉండేది. పిల్లల రికార్డుల మీద సంతకాలు పెట్టడంలోనే వయసు గడిచిపోయింది.

మా కాలేజీలోనే జువాలజీ చెప్పే స్నేహితురాలు ఉండేది. నాకంటే చిన్నది, అక్కా అంటుంది. అశోక్ నగర్‌లో తాతల నాటి ఇల్లు. మా నాన్నగారు ఆఫీసు ఉద్యోగం మీద కోస్తా నుంచి వచ్చి చిక్కడపల్లిలో కిరాయికి దిగినవారు. వాళ్లవాళ్లు ఎప్పటినుంచో ఇక్కడివాళ్లే. మా ఇద్దరి మాట వేరు, పచ్చళ్లు వేరు, పిచ్చి మాత్రం ఒకటే. రిటైరైనప్పుడు చేతికొచ్చింది ఆమెదీ నాదీ కలిపి, సిటీకి పడమరగా బస్సులో రెండున్నర గంటల దూరంలో ఒక రాళ్ల గుట్ట వాలు కొన్నాం. పశువులు మేసి మేసి నున్నగా అయిపోయిన నేల. ఒకప్పుడు అక్కడ అడవి ఉండేదని చెప్పడానికి మోదుగ మోళ్లు కొన్ని మిగిలాయి. దాన్ని మళ్లీ అడవి చేయాలి, అది ఎలా వస్తుందో ఏటేటా రాసి పెట్టాలి. అదీ మా సంకల్పం. చుట్టాలంతా ఫామ్ హౌస్ అనుకున్నారు. ఫామూ లేదు, హౌసూ లేదు. మా ఆయన బ్యాంకు మనిషి, ఆయన మాట ఆయనది. "లోకమంతా అడవి కొట్టి ప్లాట్లు వేస్తుంటే, మీరిద్దరు ప్లాటు కొని అడవి వేస్తున్నారు. కొనేవాడు దొరుకుతాడంటావా?"

నర్సరీ మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీదే. ఆడవాళ్లంతా పాల ప్యాకెట్లు కడిగి ఆరబెట్టి నాకు దాచేవాళ్లు. వాటిలో మట్టి నింపి మద్ది, నారేప, ఇప్ప, చిల్ల, తునికి, పొణికి, ఏ గింజ దొరికితే ఆ గింజ వేసేదాన్ని. స్లాబు నెమ్ము పడుతోందని అసోసియేషన్ సెక్రటరీ మూడుసార్లు నోటీసు అంటించాడు. నాలుగోసారి అంటించబోతుంటే, వాళ్ల అమ్మగారి జ్ఞాపకంగా ఒక ఇప్ప మొక్క పెడతామన్నాను. నోటీసు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ ఇప్ప మొక్కను చూడడానికి రెండేళ్లకొకసారి వచ్చేవాడు కూడా. దాని పక్కన నిలబడి ఫోటో దిగి, "అమ్మ ఎదిగింది" అనేవాడు. నవ్వాలో ఊరుకోవాలో తెలిసేది కాదు.

నేలను పది మీటర్ల గళ్లుగా తాడు కట్టి విభజించాం. సగం గళ్లలో మొక్కలు నాటాం. మిగతా సగం అలాగే వదిలేశాం. అవి నావి. వాటిలో ఎవరూ ఏమీ చేయకూడదు. మనిషి చెయ్యి తీసేస్తే అడవి తనంతట తాను ఎంత వస్తుందో చూడడానికి వాటిని అట్టే పెట్టాను. ప్రతి మొక్కకూ నంబరు కొట్టిన రేకు బిళ్ల. దర్జీ టేపుతో దాని చుట్టుకొలత. ఆ వివరాలు రాసుకునే ఫారాలు అశోక్ నగర్‌లో కోచింగ్ సెంటర్ల పక్క జిరాక్స్ షాపులో తీయించేదాన్ని. మొదటిసారి ఆ షాపతను కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏ నోటిఫికేషన్‌ది మేడమ్ ఇది? ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌దా?"

"కాదు బాబూ, నా సొంతం."

అతను నమ్మలేదు. మరుసటి వారం వెళ్లేసరికి నా ఫారం కాపీలు మెటీరియల్ కట్టల పక్కన కొన్ని పేర్చి ఉన్నాయి. పిల్లలు అడిగి తీసుకుపోతున్నారట. నా మద్ది మొక్కల చుట్టుకొలతల పట్టిక ఎంతమంది రాత్రింబవళ్లు బట్టీ పట్టారో.

మాకొక నియమం ఉండేది. లోపలి నుంచి ఏదీ బయటికి పోకూడదు. పుల్ల పోకూడదు, ఎండుటాకు పోకూడదు. నియమం నాది. గేటుకు బోర్డు కూడా నేనే రాయించాను: "ఇక్కడ ఏదీ తుంచరాదు, ఏరరాదు, గడ్డి కూడా కోయరాదు." కింద ఏదైనా ఆపద వస్తే చెప్పమని నా ఫోన్ నంబరు. సాయంత్రం బస్సుకు బయల్దేరే ముందు మేమిద్దరం గేటు దగ్గర బండ మీద కూర్చుని చీర కుచ్చెళ్లకు అంటుకున్న గడ్డి ముళ్లూ ఉత్తరేణి గింజలూ ఒక్కొక్కటే పీకి లోపలికి విసిరేవాళ్లం. అరగంట పట్టేది. "అక్కా, మనం అడవిని కాపాడుతున్నమా, చీరలను కాపాడుతున్నమా?" అని ఆమె నవ్వేది. ఒకసారి ఆ పనిలో పడి ఆఖరి బస్సు పోగొట్టుకున్నాం. నా జీవితంలో నేను బాగా సుఖపడిన సమయాలు ఏవని ఎవరైనా అడిగితే, ఆ బండ మీద కూర్చున్న అరగంటలే చెబుతాను.

కంచె వేసిన మొదటి రెండేళ్లు గడ్డి పెద్దగా లేదు. తర్వాత మొదలైంది. మోకాలి దాకా, ఆ పై ఏడు నడుము దాకా. గాలికి వంగి లేస్తుంటే చూసి మురిసిపోయాను. నేల కోలుకుంటోందని డైరీలో రాసుకున్నాను. ఆమె పిట్టలను లెక్కపెట్టేది. గడ్డిలో గూడు పెట్టే పిట్టలు వచ్చాయని ఆమె పుస్తకాల్లోనూ ఉంది. అయినా ఆమె నాకంటే తెలివైనది. రెండేళ్ల కిందట చలికాలంలో గడ్డి మధ్య నిలబడి అంది:

"అక్కా, గడ్డి జర ఎక్కువైనట్టు లేదా? కంచె పొంటి గీకిన బాట ఇంకింత ఎడల్పు చేద్దామా? ఎండకాలంల పరేషాన్ అయితది."

మంట దాటకుండా కంచె చుట్టూ నేల గీకి ఉంచే బాట గురించి ఆమె అడుగుతోంది. వెడల్పు చేస్తే నా గళ్లలో ఒక వరస పోతుంది. ఇంకొక్క ఏడాది ఆగమన్నాను. పన్నెండేళ్ల వివరాలు పూర్తయితే వ్యాసం రాయొచ్చు. ముట్టుకోని నేలలో అడవి దానంతట అదే వచ్చిందని, నా చేతి లెక్కలతో, నా పేరు మీద. చదువు విషయాల్లో ఆమె నా మాట ఎప్పుడూ కాదనలేదు. నేను దాన్ని గౌరవం అనుకుని మురిసిపోయేదాన్ని.

కిందటేడు దసరా వెళ్లిన వారం, ఉదయం పదింటికి, గుట్ట కింద ఊళ్లో ఉండే ఒకావిడ మా ఫ్లాట్‌కు వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. ఆవిడా, ఆవిడ భర్తా నాలుగు బర్రెలు పెట్టుకుని బతికేవాళ్లు. మేము కంచె వేయకముందు ఆ బర్రెలు మేసింది ఆ వాలులోనే. కంచె వేసినప్పుడు వాళ్లు ఒక్క మాట అనలేదు. గేటు దగ్గర కనిపిస్తే మంచినీళ్లు ఇచ్చేది. అలాంటి మనిషి రెండు బస్సులు మారి, బోర్డు మీద నంబరుకు ఫోన్ చేసి, ఎత్తిన మా ఆయనను దారి అడుగుతూ, ఒక సంచిలో సీతాఫలాలు పట్టుకుని చిక్కడపల్లి వచ్చింది. సోఫాలో కూర్చోమంటే కూర్చోలేదు, గుమ్మం దగ్గర కింద కూర్చుంది.

"అమ్మా, గడ్డి పూతకొస్తున్నది. ఇప్పుడు కోస్తె బర్రెలకు ఎండకాలం దాంక సాలుతది. ఆయన, నేను ఇద్దరమే వస్తం. మీ మొక్క ఒక్కటి తెగది, నాది జిమ్మ."

"గడ్డి కోయకూడదమ్మా. బోర్డు చూశావుగా."

"సూసిన. సదివిచ్చుకున్న. గని అమ్మా, అట్లనే ఇడిస్తె ఎండి అగ్గి గుంజుతది. ఫారెస్టోళ్లు గూడ సలికాలంల గీకిస్తరు గద."

అప్పుడు నేను ఏం చేశానో చెప్పాలి. పాఠం చెప్పాను. గడ్డి వేళ్లు నేలను ఎలా పట్టుకుంటాయో, అది కుళ్లి ఎలా ఎరువవుతుందో, మనిషి చెయ్యి పడకపోతే ప్రకృతి తన లెక్కలు తాను ఎలా చూసుకుంటుందో. పుట్టినప్పటి నుంచి గడ్డి కోస్తున్న మనిషికి గడ్డి గురించి పావుగంట పాఠం. ఆవిడ వింది. మా ఆయన పేపరు కిందికి దించి నావైపు చూశాడు. నేను అక్కడితో ఊరుకోలేదు. సీతాఫలాలు చూసి, "ఇవి లోపలివి కావు కదా?" అని అడిగాను.

"మా చెల్కలయమ్మా," అంది. కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. "మంచిది. పోయొస్త."

సీతాఫలాలు తిన్నాం. బాగున్నాయి.

ఆవిడ వచ్చిన సంగతి నా స్నేహితురాలికి చెప్పలేదు. దాచాలని కాదు. చెప్తే మళ్లీ బాట వెడల్పు సంగతి ఎత్తుతుందని.

మార్చి మొదట్లో ఒక మధ్యాహ్నం, పన్నెండు దాటింది, కందిపొడి కలుపుకుంటున్నాను. ఫోన్ మోగింది. బోర్డు మీది నంబరు చూసి చేసింది ఆవిడే.

"అమ్మా, అగ్గి."

అంతకంటే వినపడలేదు. వెనక అరుపులు. నా స్నేహితురాలూ నేనూ కారు మాట్లాడుకుని వెళ్లేసరికి మూడు దాటింది. అప్పటికి కాలడానికి ఏమీ మిగల్లేదు. ఊరివాళ్లు పదిమంది పచ్చి తంగేడు మండలతో కొట్టి కొట్టి అలిసిపోయి గేటు దగ్గర కూర్చున్నారు. ఆవిడ భర్త కుడిచెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా కాలింది. ఎవరో దానికి పసుపూ నూనే పూశారు. మాకు నీళ్లిచ్చిందీ వాళ్లే.

లోపలికి నడిచాం. ముట్టుకోని గళ్లే ముందు పోయాయి. నడుమెత్తు ఎండుగడ్డి, పన్నెండేళ్లుగా కింద పేరుకున్న తుక్కు. మంటకు ఇంతకంటే ఏం కావాలి. నాటిన మొక్కల గళ్లలో నేను అప్పుడప్పుడు పాదులు తీయించేదాన్ని కనుక అక్కడ కొన్ని బోదెలు నిలబడి ఉన్నాయి. పొణికి చెట్లు లోపల గుల్లగా కాలిపోయాయి. ఇప్ప ఉన్న చోట అడుగెత్తు మోడు. సెక్రటరీ వాళ్లమ్మ. రేకు బిళ్లలు మాత్రం కరగలేదు. మసి తుడిస్తే నంబర్లు చక్కగా కనిపిస్తున్నాయి. ఒక్కొక్కటే తుడిచి చదువుతూ వెళ్లాను, అదేదో పని అయినట్టు. ఆమె నేల మీద వంగి ఒక తాబేలు డిప్ప తీసింది. నక్షత్రాల గీతలున్న తాబేలు. ఏడాది పిల్లగా ఉన్నప్పటి నుంచి దాన్ని ఆమె ఎరుగును. కొంగులో చుట్టి పట్టుకుంది.

వెళ్లేటప్పుడు అలవాటుగా ఇద్దరం బండ మీద కూర్చున్నాం. చీర కుచ్చెళ్లు చూసుకున్నాం. ఒక్క ముల్లు లేదు. మసి ఉంది. ఆమె కొంగు విప్పి తాబేలు డిప్పను కంచె లోపల పెట్టి వచ్చింది, నియమం కదా. నాకు ఏడుపు అప్పుడొచ్చింది.

ఎవరు అంటించారో ఇప్పటికీ తెలియదు. పక్క చేనులో కొయ్యకాళ్లు కాల్చారని కొందరు, రోడ్డు మీంచి ఎవరో బీడీ విసిరారని కొందరు. నా స్నేహితురాలికి మాత్రం ఎవరినో ఒకరిని పట్టుకోకుండా నిద్ర పట్టలేదు. పన్నెండేళ్లు నవ్వుతూ తిరిగిన మనిషి కోపంతో వణికిపోయింది. బర్రెలవాళ్లే అని ఆమెకు అనుమానం. కంచె వేసి మేత తీసేశాం, వాళ్లకు కడుపులో ఉండదా అంది. తెలిసినవాళ్లతో పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేయించింది. మరుసటి రోజు ఆవిడ భర్తను పిలిపించి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. "చెయ్యెట్ల కాలింది?" అని పదే పదే అడిగారట. ఆర్పడానికి పోతే కాలిందంటే, ఆర్పేటోనికి కాలుతదా, అంటించినోనికి కాలుతదా అన్నారట.

నాకు తెలుసు. ఆ గడ్డి కావాలని రెండు బస్సులు మారి వచ్చినవాళ్లు దాన్ని కాల్చుకోరు. ఒక్క ఫోన్ చేసి, వాళ్లు అడిగారు, నేనే వద్దన్నాను అని చెబితే సరిపోయేది. చెప్పలేదు. వద్దన్నానని చెబితే ఆ కోపంతోనే అంటించారంటారేమో, చెప్పకపోవడమే ఆయనకు మంచిది అని నాకు నేను చెప్పుకున్నాను. ఎంత బాగా చెప్పుకున్నానంటే రెండు రోజులు నేనే నమ్మాను. అది అబద్ధం. నా వ్యాసం కోసం అడవిని పణం పెట్టానని నా స్నేహితురాలికి తెలియకూడదు. అంతే, ఇంకేం లేదు.

మా ఆయన అంత తొందరగా మాట్లాడే మనిషి కాదు. ఒక వారం చూసి, కాఫీ గ్లాసు బల్ల మీద పెడుతూ అన్నాడు.

"ఆవిడ మన గుమ్మంలో కూర్చుని అడిగింది. నేను విన్నాను. నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"చెబుతాను."

చెప్పడానికి మూడు నెలలు పట్టింది. జూన్‌లో ఒక సాయంత్రం అశోక్ నగర్ వెళ్లాను. పైఅంతస్తు హాస్టల్‌కు కిరాయికిచ్చింది. పైన పిల్లలు వరండాలో నడుస్తూ ఏవో రాజ్యాంగ అధికరణాలు పైకి వల్లిస్తున్నారు. కింద మేమిద్దరం. ఆమె నా ముందు చాయ్ పెట్టింది. నేను మొత్తం చెప్పాను, సీతాఫలాల సంగతితో సహా. మధ్యలో ఒక్కసారీ అడ్డురాలేదు. అడవి గురించి తిడుతుందని అనుకున్నాను. తిట్టించుకోవడానికే వెళ్లాను.

"అడివి పోతె పోయింది అక్కా," అంది చివరికి. "గని చెయ్యి కాలినాయనను నాతోని స్టేషన్ల కూసోబెట్టిచ్చినవ్. ఇగ నేను ఆ ఊరికి ఏ మొహం వెట్టుకొని పోవాలె?"

తన గ్లాసు పక్కకు జరిపింది.

"నువ్వు చదువుకున్నదానివని నీ మాట విన్న. ఆమె గూడ అందుకే విన్నది."

లేచి లోపలికి వెళ్లింది. కాసేపు కూర్చున్నాను. చాయ్ మీద మీగడ కట్టింది. మళ్లీ బయటికి రాలేదు. మరుసటి వారం మా వాచ్‌మన్ ఒక కట్ట తెచ్చిచ్చాడు. ఆటోలో వచ్చి ఇచ్చి వెళ్లిపోయిందట, పైకి రాలేదట. ఆమె పిట్టల పుస్తకాలు, పన్నెండేళ్లవి. చీటీ కూడా లేదు. అప్పటి నుంచి ఎదురుపడలేదు. నారాయణగూడ మార్కెట్‌కు ఆమె వచ్చే వేళలు నాకు తెలుసు. ఆ వేళల్లో నేను వెళ్లను. ఆమె చూసి తల తిప్పుకుంటే తట్టుకునే శక్తి నాకు లేదు.

వానలు పడ్డాయి. కాలిన చోట ముందుగా ఏం వస్తుందో నేను పాఠంలో చెప్పేదాన్ని. గడ్డి. అదే వచ్చింది. వేళ్లు కింద చెక్కుచెదరలేదు. పైన నీడనిచ్చే చెట్టు కూడా లేదు కాబట్టి ముందటేటి కంటే ఒత్తుగా వచ్చింది. కొన్ని మద్ది మోళ్లు పక్క నుంచి పిలకలు వేశాయి. జానెడు, రెండు జానలు. ఈ ఎండాకాలం మళ్లీ మంట వస్తే ఆ పిలకలూ పోతాయి. రెండోసారి కాలిన మోడు మళ్లీ చిగురించడం కష్టం. మిగిలిందల్లా అవే.

సెప్టెంబరులో గుట్ట కింది ఊళ్లో బర్రెలావిడ ఇంటికి వెళ్లాను. మొదటిసారి. పన్నెండేళ్లలో ఆ ఊళ్లో ఎవరింట్లోకీ పోలేదని అప్పుడు గుర్తొచ్చింది. మంచం వాల్చింది. నల్ల చాయ్ తెచ్చింది.

"పాలు లెవ్వమ్మా. ఏమనుకోకు."

కొట్టం వైపు చూశాను. నాలుగు గుంజలూ ఖాళీగా ఉన్నాయి.

"అమ్మేసినం. ఠాణాకు పోయొచ్చినంక ఆయన ఆ దిక్కు మొహం వెట్టలే. మేత యాడికెల్లి తేవాలె? సంతల ఇచ్చినం. ఇప్పుడు ఆయన వెంచర్ల వాచ్‌మన్."

గడ్డి కోసుకోమని చెప్పడానికి వచ్చానన్నాను. బోర్డు తీసేస్తానన్నాను. నా తప్పేనన్నాను. స్టేషన్ సంగతి కూడా చెప్పాను, నాకు తెలిసి ఊరుకున్నానని. ఆవిడ చాయ్ గ్లాసు నేల మీద పెట్టి, గోటితో దాని అంచు గీకుతూ కూర్చుంది.

"గప్పుడు అడిగినం. ఇప్పుడు మాకు గడ్డేం జేసుకునేటందుకు?"

"కూలి ఇస్తాను. ఊళ్లో ఎవరైనా కోసిపెడితే చాలు."

"ఎవలున్నరమ్మా? అందరు బిల్డింగు పనికి పోతున్నరు. కోస్తరే అనుకో, కోసి ఏడ వెడ్తవ్? తినెటియి లేకుంటె కుప్పేసినా అగ్గే గద."

నేను అంత దూరం ఆలోచించలేదు. ఆవిడ ఆలోచించింది. నా మీద కోపం ఉందా అని అడిగాను. అడగకూడని మాట. కోపం లేదమ్మా అంది. బస్సు టైమైందని గుర్తు చేసింది. ఆవిడ మంచిదే, కానీ ఆ రోజు నన్ను క్షమించలేదు. నాకు అర్థమైంది.

అయినా కొడవలి కొన్నాను. మా ఆయన ఒక్క మాటే అన్నాడు, "నడుము పట్టేస్తుంది," అని. మొన్న ఒక్కదాన్నే వెళ్లాను. మద్ది పిలకల చుట్టూ అయినా కోయాలని. కొడవలి పట్టడం తెలియదు. పిడికిలి నిండా గడ్డి పట్టుకుని కోస్తే సగం తెగుతుంది, సగం వేళ్లతో లేస్తుంది. మూడు గంటల్లో మా వంటింటి మేర కోశాను. లేచి నిలబడి చుట్టూ చూశాను. అదే గాలి, అదే గడ్డి, పండి రంగు తిరుగుతోంది. ఏడ్చే ఓపిక కూడా లేక అక్కడే కూలబడ్డాను. ముప్పై రెండేళ్లు నాలుగు గీతలతో తేల్చేసిన గడ్డి ఇది.

కోసింది అక్కడే వదిలితే లాభం లేదని ఆవిడ చెప్పింది కదా. మోపు కట్టి, నియమం పక్కన పెట్టి, బయటికి తెచ్చాను. కండక్టర్ నవ్వి వెనక సీటు కింద పెట్టమన్నాడు. చిక్కడపల్లి గుడి ముందు ఒకామె ఆవును కట్టేసుకుని, పుణ్యానికి పెట్టేవాళ్లకు పచ్చగడ్డి కట్టలు అమ్ముతూ కూర్చుంటుంది. పొద్దు ఇంకా ఉంది. ఆమె ముందు నా మోపు దించాను.

"ఊరికే తీసుకో అమ్మా. ఆవుకు పెట్టు."

ఆమె రెండు పోచలు లాగి, వేళ్లతో కంకి నలిపి చూసింది. ఆవు మూతి చాపి వాసన చూసి, తల పక్కకు తిప్పుకుంది.

"తినదమ్మా. ముళ్లొచ్చినయి, నోట్ల గుచ్చుకుంటయి," అంది. నా చీర, నా చెప్పులు చూసి, మెత్తగానే చెప్పింది. "పూత రాకముందే కోసేదుండె."

మోపు అక్కడే కుప్పతొట్టి పక్కన పెట్టేశాను. ఇంటికొచ్చి, లిఫ్టు ఎక్కకుండా కింది మెట్ల మీద కూర్చున్నాను. కుచ్చెళ్ల నిండా గడ్డి ముళ్లు. ఒక్కొక్కటే పీకాను. అరగంట పట్టింది. గుప్పెడు అయ్యాయి. గుప్పిట మూసుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఎటు విసరాలో తెలియలేదు.